గాజు తొట్టిలో సన్యాసి

ఆ రోజు పొద్దున రాందాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కెమిస్టు సాహెబ్ బంగళాకు పోవాలి, గాజు తొట్టిలోని చేపలకు చిటికెడు మేత వేయాలి, అద్దం మీది పాచిని మెత్తటి గుడ్డతో తుడవాలి, తాళం పెట్టి ఇంటికొచ్చి సద్దన్నం తినాలి. ఇంత చిన్న పని కూడా చెడిపోతుందా అని మీరు అడగవచ్చు. చెడగొట్టే మనుషులు దొరకాలే గాని ఎంత చిన్న పనైనా చెడిపోతుంది. రాందాస్ ఇంట్లో అటువంటివాళ్ళు ముగ్గురున్నారు. ఆ ముగ్గురిలో రాందాస్ ఒకడు.

బోధన్‌లో చెరకు ఆడినన్నాళ్ళు రాందాస్ ఫ్యాక్టరీ ల్యాబులో రసం నమూనాలు పట్టేవాడు. పొగగొట్టం ఆగిందంటే అతని జీతమూ ఆగేది. ఎండాకాలం నుంచి దసరా దాకా ఎవరు ఏ పని చెప్తే ఆ పని చేసుకుంటూ, ఫ్యాక్టరీ కూత మళ్ళీ ఎప్పుడు పడుతుందా అని చెవులు రిక్కించుకుని బతికేవాడు. పర్మనెంటు కావాలంటే పెద్ద కెమిస్టు భావనారాయణగారి నోట ఒక మాట రావాలి. ఆ మాట కోసం రాందాస్ ఆయన సంచి మోశాడు, సైకిలు తుడిచాడు, ఆయన వేసే ఛలోక్తులు అర్థం కాకపోయినా నవ్వాడు. మాట మాత్రం రాలేదు.

భావనారాయణగారిది బాపట్ల వైపు. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాడు. పిల్లల చదువుల కోసం పెళ్ళాన్ని అక్కడే ఉంచి, బంగళాలో ఒక్కడే ఉండేవాడు. బోధన్‌లో ఆయనకు అన్నీ నచ్చాయి గాని సముద్రం లేకపోవడం నచ్చలేదు. అందుకని హాల్లో ఒక గాజు తొట్టి పెట్టించి, పెద్ద పెద్ద సీసాల్లో ఉప్పునీళ్ళు రైలు మీద తెప్పించుకుని, అందులో రెండు చారల చేపల్ని, ఒక నడిచే శంఖాన్ని పెంచుకునేవాడు. సాయంత్రం పూట ఆ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే పిలిచినా పలికేవాడు కాదు.

వానాకాలంలో సెలవు మీద ఊరికి పోతూ ఆయన రాందాస్‌ను తొట్టి ముందు నిలబెట్టి అన్నీ చెప్పాడు. కిటికీ తెరలు తీయకూడదు, వెలుగు తగిలితే పాచి పుడుతుంది. మేత చిటికెడే వేయాలి, తినగా మిగిలింది కుళ్ళితే పాచి బలుస్తుంది. నీళ్ళు తగ్గితే కాచి చల్లార్చిన మంచినీళ్ళే పోయాలి, ఆవిరయ్యేది నీళ్ళే గాని ఉప్పు కాదు. తరవాత శంఖాన్ని చూపించాడు. శంఖం కింద ఎర్రటి కాళ్ళు, వాటి పైన పుల్లల చివర పెట్టినట్టు రెండు కళ్ళు.

"వీడు పీత జాతివాడు. పేరు సన్యాసి," అన్నాడు. "సొంత ఇల్లుండదు. ఎవరో విడిచిపోయిన శంఖంలో కాపురం చేస్తాడు. రాళ్ళ మీదా అద్దం మీదా పాచి వీడే తింటాడు. వీణ్ణి మాత్రం ముట్టుకోకు. నేనొచ్చేసరికి తొట్టి ఇలాగే ఉంటే నీ పర్మనెంటు సంగతి చూస్తాను."

ఈ చివరి మాట చెవిన పడగానే, అంతకు ముందు చెప్పినవన్నీ రాందాస్ చెవిలోంచి జారిపోయాయి.

ఫ్యాక్టరీ ఆగిన రోజుల్లో ఆ ఆఫీసర్ల బంగళాల వైపు పట్టపగలైనా ఒంటరిగా నడవాలంటే ఎవరికైనా గుబులే. పొగగొట్టం ఉత్తదే నిలబడి ఉంటుంది. మడ్డి గుంతల నుంచి పుల్లటి బెల్లం వాసన వస్తుంది. సాహెబ్ హాల్లో కుర్చీలకు, సోఫాకు తెల్ల దుప్పట్లు కప్పి ఉండేవి. ఎవరో ముసుగు తన్ని కూర్చున్నట్టే ఉండేది. ఆ నిశ్శబ్దంలో తొట్టికి గాలి కొట్టే చిన్న మిషను రోజంతా బుడబుడమంటుంటే, నీళ్ళ అడుగున ఎవరో మాట్లాడుతున్నారని రాందాస్‌కు అనిపించేది. ఏం మాట్లాడుతున్నారో విందామని ఒకసారి చెవి పెట్టాడు కూడా. పెట్టినందుకు ఆ రోజంతా బాధపడ్డాడు.

బంగళా కాపలాదారు గులాం మంచివాడు. మంచివాడు కాబట్టే గోడలు చెమ్మగిల్లి బూజు పడుతున్నాయని రోజూ తెరలన్నీ బార్లా తీసి పెట్టేవాడు. చేపలు అద్దం దగ్గరికొచ్చి నోళ్ళు తెరిచి చూస్తుంటే రాందాస్‌కు మనసు ఆగేది కాదు. ఇంటికొచ్చిన చుట్టాలకు చిటికెడు పెడతామా అని దోసెడు వేసేవాడు. నీళ్ళు రోజు రోజుకీ తగ్గుతున్నాయి, తాగేవాడు ఎవడూ కనిపించడు. సముద్రం నీళ్ళు తగ్గితే సముద్రం నీళ్ళే పోయాలి గదా అని, దొడ్డుప్పు కలిపి చెంబుతో పోసేవాడు. కొన్నాళ్ళకు తొట్టి అంచు మీంచి తెల్లటి పొర ఒకటి వేళ్ళు చాచినట్టు బయటికి దిగడం మొదలుపెట్టింది. తుడిస్తే పోయేది. మర్నాటికి మళ్ళీ దిగేది.

చివరికి ఆ రోజు పొద్దున, చిన్న పథకంతో బయలుదేరిన పొద్దున, రాందాస్ తలుపు తీసేసరికి హాలంతా ఆకుపచ్చగా ఉంది. కిటికీలోంచి వచ్చే వెలుగు తొట్టిలోంచి దూరి సోఫా దుప్పటి మీద, గోడల మీద, రాందాస్ చేతుల మీద పచ్చగా పడుతోంది. తొట్టిలో చేపలు లేవు, రాళ్ళు లేవు, ఏమీ లేదు. చిక్కటి పచ్చదనం మాత్రం ఉంది. దాని వెనకాల నుంచి ఏదో అద్దాన్ని టక్కు టక్కుమని కొడుతోంది. రాందాస్ గుడ్డ అక్కడే పారేసి ఇంటికి పరుగెత్తాడు.

పెళ్ళాం గంగుబాయి సంగతంతా విని, దీనికింత పరుగెందుకన్నట్టు చూసింది. ఆమె తల్లిగారిది రుద్రూరు. అక్కడ వాళ్ళకు చెరకు తోట, గానుగ, బెల్లం పొయ్యి ఉన్నాయి.

"మా తల్లిగారింట్ల రసం గింతకంటే ఖరాబుంటది," అంది. "బెండ కట్టె దంచి జిగురు వోస్తే మడ్డంత పైకొస్తది. దేవి పారేస్తే అద్దం లెక్కయితది. నీ పచ్చనీళ్ళెంత?"

రాందాస్ ల్యాబు మనిషి గనక ఫ్యాక్టరీలో రసానికి సున్నం కలుపుతారని, సున్నమే మేలని కాసేపు వాదించాడు. సున్నం వేస్తే చేపలు ఉడికిపోతాయని ముసలితల్లి లింగవ్వ అనేసరికి వాదన తేలిపోయింది. అత్తాకోడళ్ళు ఒక మాట మీదికి రావడం ఆ ఇంట్లో అరుదు. వచ్చినప్పుడు ఎదురు చెప్పి బతికినవాడు లేడు. పెరట్లోని బెండ చెట్లు పీకి, రోట్లో దంచి, నీళ్ళలో పిసికి, తీగలు సాగే ఆ జిగురును బిందెలో ఎత్తుకుని ముగ్గురూ బంగళాకు పోయారు. జిగురు తొట్టిలో పోసి గంగుబాయి గరిటెతో మెల్లగా కలిపింది. నిజంగానే కాసేపటికి పచ్చటి తెట్టు మీగడలా పైకి తేలింది. ఆమె దాన్ని బెల్లం పెనం మీది మడ్డి దేవినంత నేర్పుగా దేవి, బిందె నిండా ఎత్తి పెరట్లో పోసింది. రాందాస్‌కు పెళ్ళాం మీద ఇంత గౌరవం పెళ్ళిలో కూడా కలగలేదు.

మర్నాటికి నీళ్ళు తేటపడ్డాయి. చారల చేపలు రెండూ ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి. అడుగున ఇసుకలో శంఖం ఒక పక్కన, సన్యాసి ఒక పక్కన పడి ఉన్నాయి.

కాళ్ళున్నాయి, కత్తెరల్లాంటి చేతులున్నాయి, కళ్ళు కూడా ఉన్నాయి. కదలిక లేదు. రాందాస్ చెయ్యి పెట్టి బయటికి తీశాడు. అరచేతిలో పెట్టుకుంటే ఎండుటాకు బరువు కూడా లేదు. లోపల ఏమీ లేనట్టుందేమిటని అడిగితే, పానం పోయినంక బరువేడుంటది కొడుకా అని లింగవ్వ కళ్ళు ఒత్తుకుంది. గంగుబాయి మాత్రం తను పోసిన జిగురే ఆ మూగజీవాన్ని చంపిందని, దానితో పాటు మొగుడి నౌకరీనీ చంపిందని అర్థమై, గోడకు ఆనుకుని కూలబడింది. రాందాస్‌కు ఆమెను తిట్టాలనిపించింది. ముఖం చూశాక తిట్టలేకపోయాడు.

సన్యాసులను కాల్చరు, పాతిపెడతారు. ఈ సంగతి లింగవ్వకు తెలుసు. పేరు సన్యాసి గనక బంగళా వెనక నిమ్మచెట్టు కింద గుంత తీసి, పసుపుగుడ్డలో చుట్టి పాతిపెట్టారు. గులాం కూడా వచ్చి పిడికెడు మట్టి వేసి, తనకు తెలిసిన రెండు ముక్కలు చదివాడు. ఖాళీ శంఖాన్ని మాత్రం రాందాస్ తొట్టిలోనే, ముందున్న చోటే బోర్లించాడు. సాహెబ్ వచ్చి చూస్తే సన్యాసి లోపల నిద్రపోతున్నాడని చెప్పవచ్చు. ఎన్నాళ్ళు నిద్రపోతాడంటే ఏం చెప్పాలో తరవాత ఆలోచించుకోవచ్చు.

ఆ మర్నాడు పొద్దుటి నుంచీ ముసురు పట్టింది. మధ్యాహ్నానికే సాయంత్రం అయినట్టుంది. రాందాస్ మేత వేయడానికి వంగాడో లేదో కరెంటు పోయింది. గాలి మిషను ఆగింది. ఇన్నాళ్ళూ బుడబుడమన్న గొంతు ఒక్కసారి మూగబోయేసరికి హాల్లో నిశ్శబ్దం ఎంత పెద్దదో రాందాస్‌కు తెలిసొచ్చింది. ఆ నిశ్శబ్దంలో సన్నగా గీరుతున్న చప్పుడు. గోరుతో అద్దం గీరినట్టు, ఆగి ఆగి.

శంఖం తను పెట్టిన చోట లేదు. తొట్టి అవతలి మూలలో ఉంది. మిగిలిన పలచటి పాచి మీద, అక్కడి నుంచి ఇక్కడి దాకా, నాలుకతో నాకినట్టు శుభ్రమైన దారి ఒకటి పడి ఉంది. రాందాస్ గుండె చిక్కబట్టుకుని శంఖాన్ని తీసి మళ్ళీ మొదటి చోట బోర్లించాడు. చెయ్యి తుడుచుకుని తిరిగి చూసేసరికి శంఖం కొంచెం పైకి లేచింది. లేచి, ఒక అడుగు వేసింది.

గులాం తరవాత చెప్పిన ప్రకారం, రాందాస్ బంగళా మెట్ల మీద ఒక్క మెట్టు కూడా తొక్కలేదు. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. దాన్ని తేవడానికి పోయిన గులాం చెప్పు తేలేదు సరికదా, తన టోపీ కూడా అక్కడే వదిలి వచ్చాడు.

"అందుల ఎవ్వరు లేరు గదా," అన్నాడు ఆయాసపడుతూ. "మనమే మట్టి చేసినం గదా. మరి పాచి ఎవరు సాఫ్ చేస్తుండ్రు?"

బతికుండగా పాచి తినడమే తన పని అనుకున్నవాడు చచ్చాక కూడా డ్యూటీ మానలేదని గులాం అభిప్రాయం. లింగవ్వ అభిప్రాయం ఇంకా లోతైనది. ఇల్లు విడిచిన పానం ఆ ఇంటి చుట్టే తిరుగుతుంది, కర్మలు జరిగే దాకా దానికొక నెలవు చూపాలి. ఆమె పెళ్ళినాటి చిట్టి కుండల్లోంచి నిమ్మకాయంత మట్టి గురిగిని ఒకదాన్ని వెతికి తీసి, కొడుకును, కోడల్ని, గులాంను వెంటపెట్టుకుని హాల్లోకి నడిచింది. తొట్టి పైనుంచి గురిగిని మెల్లగా ఇసుకలోకి దించి, గీండ్ల కూసో నాయనా, రేపటి దాక మమ్ముల భయపెట్టకు అని దండం పెట్టింది. శంఖం అటు తిరిగి ఉంది. విన్నదో లేదో తెలియదు.

ఆ దిక్కున ఎవరైనా పోతే మూడో నాడు వాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి పిట్ట కోసం చూస్తారు. కాకి దిగి ముట్టిందంటే పోయినవాళ్ళ మనసు నిమ్మళించినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. ఆ కోరిక ఏమిటో కనుక్కుని, తీరుస్తామని పైకి చెప్తే గాని కాకి దిగదు. సన్యాసికి ఇష్టమైనది పాచి తప్ప మరొకటి ఎవరికీ తెలియదు. కాబట్టి గంగుబాయి మోదుగాకు విస్తరిలో ఇంత అన్నం, ఇంత పప్పు, పక్కన తొట్టిలోంచి తీసిన పాచి ముద్ద పెట్టి నిమ్మచెట్టు దగ్గర ఉంచింది.

ఇదంతా నలుగురి మధ్యే జరిగిపోవలసింది. గులాం మాత్రం కడుపులో మాట దాచుకోలేక ఫ్యాక్టరీ గేటు ముందరి చాయ్ హోటల్లో సగం చెప్పాడు. కెమిస్టు సాబ్ బంగళాలో మూడొద్దులు చేస్తున్నారన్నది అతను చెప్పిన సగం. మిగతా సగం హోటల్లో కూర్చున్నవాళ్ళు కల్పించుకున్నారు. ఫ్యాక్టరీ ఆగిన రోజుల్లో చేతిలో పనిలేని మనుషులకు కొదవేముంది? బంగళాలో ఉండేది సాబ్ ఒక్కడే. ఊరికి పోయి ఇంకా రాలేదు. అక్కడే ఏదో అయ్యుంటుంది. పాపం, ఇక్కడ ఎవరూ లేరని రాందాసే అన్నీ చేస్తున్నాడు. ఎంత విశ్వాసం!

అట్లా పొద్దెక్కేసరికి బంగళా పెరట్లో పాతిక మంది చేరారు. మబ్బు కింద తలలు వంచుకుని నిలబడ్డారు. ఎవరు పోయినా వెళ్ళి ఏడ్చిపెట్టే శంకరమ్మ కూడా వచ్చింది. వచ్చీ రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఓ సారూ, సల్లటి సారూ, సక్కెర లెక్క మాట్లాడేటి సారూ అని రాగం ఎత్తుకుంది. ఈమె ఎవరి కోసం ఏడుస్తోందో రాందాస్‌కు అర్థమైంది. కాదమ్మా, పోయింది ఎండ్రకాయ అని చెప్దామంటే ఇంత మందిలో నోరు పెగల్లేదు.

కాకి గోడ మీద ఉంది. విస్తరిని చూస్తుంది, ముక్కు గోడకు రాసుకుంటుంది, దిగదు. చేపలను మంచిగ చూస్తమని లింగవ్వ మాటిచ్చింది. దిగలేదు. ఇంట్లో ఇక బెండకాయ వండనని గంగుబాయి చెంపలేసుకుంది. దిగలేదు. గులాం కూడా తెరలు మూసి ఉంచుతానని మాటిచ్చాడు. కాకి అటు తిరిగి కూర్చుంది. జనం గుసగుసలు మానేశారు. ఆ మౌనంలో, మూసిన హాల్లోంచి గాలి మిషను బుడబుడ పెరటి దాకా వినిపిస్తోంది.

అప్పుడు రాందాస్‌కు తోచింది. మిగిలింది ఒక్కటే. ఆ ఒక్కటి పైకి అంటే నౌకరి పోతుంది. అనకపోతే ఆ ఖాళీ శంఖం తను బతికినన్నాళ్ళు ఆ తొట్టిలో నడుస్తూనే ఉంటుంది. గంగుబాయి వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే, చెప్పు అంది.

"సాబుకు నిజం చెప్త," అన్నాడు రాందాస్, కాకితో. "తొట్టి ఖరాబు జేసింది నేనే. చిటికెడంటే దోసెడేసిన. ఉప్పు గలిపి పోసిన. గంగుబాయిది తప్పు లేదు, నేనే పోయమన్న. సాబు మంచం మీద పగటీలి పండుకున్నది గూడ చెప్త. పర్మనెంటు రాకుంటె రాకపాయె."

కాకి దిగింది. నేల మీద రెండు గెంతులు గెంతి, మెడ పక్కకు వంచి, పాచి ముద్దను ఒంటి కంటితో చూసింది. పాతిక మందీ ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడే శంకరమ్మ ముక్కు చీదుకోవడానికి పక్కకు తిరిగింది. బంగళా మూల దగ్గర, చేతిలో పెట్టెతో, నల్లబడిన ముఖంతో, భావనారాయణగారు నిలబడి ఉన్నారు.

శంకరమ్మ పెట్టిన కేకకు కాకి పోయింది. కాకి వెనకాలే జనమూ పోయారు. కొందరు గేటులోంచి, ఎక్కువ మంది గోడ మీంచి. తను అంత సేపు ఏ మనిషి కోసం ఏడ్చిందో ఆ మనిషే పెట్టె పట్టుకుని వచ్చి నిలబడితే శంకరమ్మ మాత్రం ఏం చేస్తుంది? ఆమె వయసుకు ఆ గోడ దూకడం గొప్పే.

తొట్టి మీద బెంగతో సాహెబ్ సెలవు అయ్యేలోగానే తిరిగి వచ్చాడు. స్టేషన్లో దిగగానే రిక్షా నర్సింలు ఆయన ముఖం చూసి రెండడుగులు వెనక్కి వేసి, తరవాత తమాయించుకుని, మీరు వాళ్ళ తమ్ములా సార్, అచ్చం అట్లనే ఉన్నరని ఓదార్చాడు. దారి పొడుగునా, మంచోళ్ళనే దేవుడు తీస్కపోతడన్నాడు. ఆ ఇంట్లో తను తప్ప మరొకరు లేరే, మరి పోయింది ఎవరని సాహెబ్ ఆలోచించాడు. పెరట్లోంచి ఏడుపు, ఆ ఏడుపులో తన గుణగణాలు వినిపించేసరికి, పోయింది తనేనేమోనని ఒక్క క్షణం ఆయనకు గట్టిగానే అనిపించింది. వచ్చే దారిలో ఎవరూ తన వైపు సరిగ్గా చూడలేదన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"ఎవరు పోయారయ్యా?" అని అడిగాడు.

కాకికి మాటిచ్చాడు గనక రాందాస్ ఒక్కటీ దాచలేదు. తెరలు, మేత, ఉప్పు, బెండ జిగురు, నిమ్మచెట్టు, నడిచిన ఖాళీ శంఖం, మంచం మీది నిద్ర, అన్నీ వరసగా చెప్పి తల వంచుకున్నాడు. సాహెబ్ విన్నాడు. వింటూ వింటూ ఉండగా ఆయన ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. తను బతికే ఉన్నాడన్న సంతోషమో ఏమో, పెట్టె మీద కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"పిచ్చివాళ్ళారా, అది చావడం కాదు. పాము కుబుసం విడవదూ? పీతా అంతే. కాళ్ళతో కళ్ళతో సహా పాత పెంకు ఒలిచి పారేస్తుంది. కొత్త పెంకు గట్టిపడే దాకా శంఖం లోపల నక్కి ఉంటుంది. మీరు పసుపుగుడ్డలో చుట్టి పాతిపెట్టింది వాడి పాత చొక్కా!"

గంగుబాయి అక్కడే కూర్చుని ఏడ్చేసింది. తను ఎవరినీ చంపలేదు. రాందాస్‌కు కూడా ఏడుపొచ్చింది, కారణం వేరు. ఒక పాత చొక్కా కోసం నిజమంతా చెప్పుకున్నాడు. కనీసం ఆ మంచం సంగతి కడుపులో దాచుకున్నా సరిపోయేది. ఇంత చదువు లేకపోవడం ఎంత నష్టమో చూడండని సాహెబ్ ఇంకా నవ్వుతూనే, రండి వాణ్ణి చూపిస్తానని అందరినీ హాల్లోకి తీసుకుపోయాడు.

హాల్లో అడుగు పెట్టగానే కరెంటు పోయింది. బుడబుడ ఆగింది. సాహెబ్ చొక్కా చెయ్యి పైకి మడిచి, ఇదిగో మీ దయ్యం అంటూ తొట్టిలోంచి శంఖాన్ని పైకి తీశాడు. దాన్ని వెల్లకిలా తిప్పాడు. నీళ్ళు కారాయి. కన్ను దగ్గర పెట్టుకుని లోపలికి చూశాడు. చెవి దగ్గర పెట్టి ఊపాడు. వేలు దూర్చాడు. వేలు పూర్తిగా లోపలికి పోయింది.

"ఇందులో లేడే," అన్నాడు.

నవ్వు ఆయన ముఖం మీద అట్లాగే ఉంది గాని దాని వెనక మనిషి లేడు. గులాం తలుపు వైపు జరిగాడు. మబ్బు వెలుగులో తెల్ల దుప్పట్ల కింది కుర్చీలు కూడా ఊపిరి బిగబట్టినట్టున్నాయి. అప్పుడు తొట్టిలోంచి చప్పుడు వచ్చింది. గీరుతున్న చప్పుడు. శంఖం చూస్తే సాహెబ్ చేతిలో ఉంది.

లింగవ్వ పెట్టిన మట్టి గురిగి మెల్లగా పైకి లేచింది. కాసేపు ఆలోచించింది. తరవాత సాహెబ్ వైపు తిరిగి, అడుగులు వేసుకుంటూ అద్దం దాకా వచ్చి, పాచి గీరడం మొదలుపెట్టింది.

ఆ తరవాత భావనారాయణగారు సోఫా మీద ఉన్నారు. బూట్లతో, దుప్పటి మీద, నిలబడి ఉన్నారు. ఎట్లా ఎక్కారో ఆయనకూ తెలియదు, చూసినవాళ్ళకూ తెలియదు. శంఖం కింద పడి దొర్లింది. లింగవ్వ కళ్ళు మూసుకుని దండం పెట్టింది.

రాందాస్ మాత్రం కదలలేదు. రెండు రోజులుగా పడాల్సిన భయమంతా పడి ఉన్నాడు, కొత్తగా పడటానికి ఒంట్లో ఓపిక లేదు. మోకాళ్ళ మీద కూర్చుని అద్దానికి ముఖం ఆనించి చూశాడు. గురిగి మూతి కింద ఎర్రటి కాళ్ళు. మునుపటి కంటే బలంగా, కొత్తగా మెరుస్తున్నాయి. వాటి పైన పుల్లల చివర రెండు కళ్ళు రాందాస్‌ను చూశాయి.

"సార్," అన్నాడు. "సన్యాసి ఇల్లు మారిండు."

"తెలుసు," అన్నాడు సాహెబ్ సోఫా మీంచి. "పెంకు విడిచాక ఒళ్ళు పెరుగుతుంది. పాత శంఖం చాలదు. ఇంతకంటే పెద్దది దొరికితే మారతాడు. పుస్తకాల్లో ఉంది."

తెలుసన్నాడు గాని దిగలేదు. రాందాస్ ఆయన బూట్ల వైపు చూడకుండా లేచి, తల్లినీ పెళ్ళాన్నీ గులాంనూ బయటికి పంపి, ఎవరూ చెప్పకుండానే తలుపు దగ్గరికి వేశాడు. తను ఏమీ చూడలేదని, చూసినవాళ్ళ సంగతి తను చూసుకుంటానని అనలేదు. తలుపు వేసిన తీరులోనే అదంతా ఉంది. ఇన్నేళ్ళుగా సంచులు మోసి సంపాదించలేనిది ఆ తలుపు వేయడంతో సంపాదించాడని అతనికి అప్పుడు తెలియదు. సాహెబ్ చాలాసేపు ఆ గురిగి వంక చూశాడు.

"రాందాసూ," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "ఆ కాకి ముట్టిందా?"

"లేదు సార్. ముట్టబోయింది. శంకరమ్మ మొత్తుకుంటె ఎగిరిపాయె."

సాహెబ్ ఏదో లెక్క వేసుకున్నాడు. ఆ పెరట్లో ఏడ్చింది సన్యాసి కోసం కాదు, తన కోసం. పిట్ట ముట్టకుండా పోయింది ఎవరి విస్తరిని అన్నది పుస్తకాల్లో దొరికే సంగతి కాదు.

"రేపు మళ్ళీ పెట్టించు," అన్నాడు.

దసరా దాటి ఫ్యాక్టరీ కూత పడేనాటికి రాందాస్ పర్మనెంటయ్యాడు. హాల్లో తెరలు మూసే ఉంటున్నాయి, తొట్టిలో పాచి మచ్చుకైనా లేదు, గురిగి తన పని తాను చేసుకుపోతోంది. పెరట్లో నిమ్మచెట్టు కింద రోజూ విస్తరి పడుతోంది. కాకి మాత్రం ఇంకా ముట్టలేదు.